అమ్మమ్మ గొంతున్న క్యాసెట్, చేతిరాత పుస్తకం: ఎలా కాపాడుకోవాలి?

అమ్మమ్మ పోయి మూడు నెలలైంది. పెట్టె సర్దుతుంటే ఒక నోటుపుస్తకం, 90 నిమిషాల ఆడియో క్యాసెట్ దొరికాయి. క్యాసెట్ మీద ఆవిడ రాతలోనే "పిల్లలకి కథలు" అని ఉంది. మనవలం నలుగురం ఆ కథలు వింటూనే నిద్రపోయేవాళ్లం. మధ్యలో ఆగి "ఊఁ కొట్టరేం?" అనేది. ఆ మాట ఇంకొక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

కానీ టేపు ఒకచోట ముడత పడింది. తెగుతుందన్న భయంతో ఇంకా ప్లేయర్లో పెట్టలేదు. ముందు వేరే క్యాసెట్‌తో ప్లేయర్‌ని పరీక్షించి, టేపుని చదివే హెడ్‌ని తుడిచి, ఒకే ఒక్కసారి నడిపి కంప్యూటర్లోకి వేవ్ (WAV) ఫైలుగా ఎక్కించాలనుకుంటున్నాను. ఎంపీ3 అయితే ధ్వని కొంత పోతుంది కదా. ఆ ముడతని ఎలా దాటించాలి? ఇంట్లో చేయొచ్చా, పనితెలిసినవాళ్లకే ఇవ్వాలా?

పుస్తకంలో రాత చాలావరకు పెన్సిల్‌తోనే, చెయ్యి తగిలితే చెదిరిపోతోంది. అన్నయ్య లామినేషన్ చేయిద్దామంటున్నాడు. ఒకసారి చేస్తే కాగితం మళ్లీ క్షేమంగా విడిరాదని నేను వద్దంటున్నాను. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే సరిపోతుందా? చివరి పేజీలో మా అందరి పుట్టినరోజులూ ఉన్నాయి. నా పేరు పక్కన "వానలో పుట్టింది" అని రాసుకుంది. ఆ పేజీ మాత్రం పోకూడదు.

ఇలాంటివి దక్కించుకున్నవాళ్లుంటే ఏం చేశారో దయచేసి చెప్పండి.