వేగం తగ్గుతుంటే హ్యాండిల్ ఊగిపోతోంది: స్టీరింగ్ నట్టు బిగించాలా, స్టీరింగ్ బేరింగులే మార్చాలా?

ఉండేది బెంగళూరు. బండి 350 కిలోల టూరర్ (దూర ప్రయాణాల మోటార్‌సైకిల్), 41 వేల కిలోమీటర్లు తిరిగింది. హోసూరు రోడ్డు మీద థ్రాటిల్ వదిలేస్తే వేగం 70 నుంచి 55 కి.మీ.కి పడే మధ్యలో హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది. గట్టిగా పట్టుకుంటే తెలీదు, పట్టు కాస్త సడలిస్తే మొదలు. బ్రేకు వేసినప్పుడు మాత్రం లేదు.

ముందు టైరు కొత్తది వేయించా, చక్రాలు బ్యాలెన్స్ చేయించా, గాలి ముందు 36, వెనక 40 పీఎస్‌ఐ పెట్టా. సైడు పెట్టెలు, టాప్ బాక్స్ పీకేసి చూశా. కొంచెం తగ్గిందంతే. మెకానిక్ "పెద్ద బళ్లన్నీ ఇంతే సార్" అనేశాడు (నాకైతే నమ్మకం కుదరలేదు).

నిన్న సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం లేపి, ఫోర్కు కాళ్లు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) ముందుకీ వెనక్కీ లాగితే 'టక్'మని సన్నగా చేతికి తగిలింది. హ్యాండిల్ తిప్పితే మాత్రం నున్నగానే తిరుగుతోంది, మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగట్లేదు.

ఈ లెక్కన స్టీరింగ్ నట్టు బిగిస్తే చాలా, బేరింగులే మార్చేయాలా?