50 రోజుల సగటు 200 రోజుల సగటును దాటితే షేరు కొనెయ్యొచ్చా?

బ్రాడీపేట, గుంటూరు:
50 రోజుల మూవింగ్ యావరేజ్ గీత 200 రోజుల గీతను కింది నుంచి పైకి దాటితే గోల్డెన్ క్రాస్ అంటారు, అది కొనమని సిగ్నల్ అంటారు. రొయ్యల మేత కంపెనీ షేరు ఒకదాన్ని ఈ పద్ధతిలోనే కొందామనుకుంటున్నాను. మా బావ మాత్రం అదంతా అయిపోయిన ధరల లెక్క, దాన్ని నమ్మొద్దు అంటున్నాడు. యార్డులో మిర్చి అమ్మగా వచ్చిన డబ్బు, అందుకే అడుగుతున్నాను.

గవర్నర్‌పేట, విజయవాడ:
మీ బావగారి మాటే నిజమండీ. గడిచిన 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగిస్తే వచ్చేదే ఆ సగటు. రోజూ ఒక కొత్త ధర చేరుతుంది, అన్నిటికంటే పాతది పోతుంది. ఆ పోయేదాన్ని ఎవరూ పట్టించుకోరు. షేరు ఇవాళ 190 నుంచి 180కి పడిందనుకోండి. లెక్కలోంచి తప్పుకునే పాత ధర 120 అయితే సగటు 30 పైసలు పెరుగుతుంది. షేరేమో పడుతోంది, గీతేమో పైకి పోతోంది! 2025 ఏప్రిల్ 2న అమెరికా సుంకాలు ప్రకటించాక రొయ్యల కంపెనీల షేర్లు ఎలా పడ్డాయో మన జిల్లాల్లో అందరికీ గుర్తే. ముందురోజు ఏ గీత చెప్పింది?

లక్ష్మీపురం, గుంటూరు:
అన్నా, బ్యాలెన్స్ షీట్ మాత్రం చెప్పిందా? జరగబోయేది చెప్పమని సగటును అడగడమే తప్పు. బయటపడటానికి అది పనికొస్తుంది. 2020 ఫిబ్రవరి ఆఖరుకి నిఫ్టీ, అంటే 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, తన 200 రోజుల సగటు కిందికొచ్చింది, అప్పటికి 11,200 దగ్గరుంది. మార్చి 24న 7,511 తాకింది. గీత తెగగానే అమ్ముకున్నవాళ్లు ఆ నెలంతా ప్రశాంతంగా నిద్రపోయారు.

గవర్నర్‌పేట, విజయవాడ:
తమ్ముడూ, మిగతా కథ కూడా చెప్పు. నిఫ్టీ ఆ గీతను మళ్లీ దాటింది జులైలో, 10,900 ప్రాంతంలో. అమ్మి, మళ్లీ కొన్నవాడికి మిగిలింది 300 పాయింట్లే. అదీ అంత పెద్ద పతనంలో. షేరు నెలల తరబడి 480, 520 మధ్యే తిరుగుతుంటే 20, 50 రోజుల గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూనే ఉంటాయి. 510కి కొనిపిస్తాయి, 490కి అమ్మిస్తాయి. డెలివరీలో, అంటే షేర్లు మన ఖాతాలోకి తీసుకునే పద్ధతిలో, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను). ఏడాదిలోపు అమ్మి లాభం వస్తే దాని మీద 20 శాతం పన్ను. బ్రోకరేజీ దీనికి అదనం.

లక్ష్మీపురం, గుంటూరు:
300 పాయింట్ల మాట ఒప్పుకుంటాను. కానీ 7,500 దగ్గర భయపడి అమ్మేసినవాళ్ల సంగతేంటి? ముందే ఒక గీత పెట్టుకున్నవాడికి ఆ టెన్షన్ ఉండదు. ఎటూ కదలని షేరుకి ఈ పద్ధతి వాడొద్దన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

పటమట, విజయవాడ:
ఒక్క మాట. బోనస్ ఇచ్చినా, షేరు విభజించినా పాత ధరల్ని సరిచేసిన చార్టే చూడండి. 1:1 బోనస్ ఇస్తే, అంటే ఉన్న ఒక్కో షేరుకి ఇంకొకటి ఉచితంగా ఇస్తే, ధర దాదాపు సగమవుతుంది. సరిచెయ్యని చార్టులో అది పెద్ద పతనంలా కనిపించి సగటుని కూడా చెడగొడుతుంది.

బ్రాడీపేట, గుంటూరు:
అందరికీ థాంక్స్. క్రాస్ చూసి కొనను. ముందు కంపెనీ అమ్మకాల్లో అమెరికా వాటా ఎంతో వార్షిక నివేదికలో చూస్తాను. కొంటే మాత్రం 200 రోజుల గీతను అమ్మడానికే వాడుకుంటాను. ఒక్కరోజు కిందికొస్తే అమ్మాలా, వారమంతా కిందే ఉంటే అమ్మాలా? లక్ష్మీపురం అన్న చెప్పాలి.