అప్‌డేట్: మా ఆయన అన్నం మానేసిన సంగతి

రెండు నెలల క్రితం అడిగానండీ. షుగర్ ఉందని మా ఆయన అన్నం పూర్తిగా మానేశారు, ఇంట్లో కొర్రలు, సామలు తప్ప ఇంకేం వండొద్దంటున్నారు, అత్తయ్యగారి కంచంలో అన్నం కనిపించినా గొడవే, ఏం చేయాలని. "డాక్టరుకి చెప్పారా?" అని మీలో ఒకరు అడిగారు. చెప్పలేదు. అక్కడే పొరపాటు జరిగింది.

పోయిన వారం కొబ్బరి దింపు తీయించి వచ్చి అరుగు మీద కూలబడ్డారు. పొద్దున టిఫిన్ కూడా తినలేదట. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. గ్లాసు అందిస్తే చెయ్యి వణికి సగం నీళ్లు ఒలికిపోయాయి. షుగర్ మిషన్‌లో చూస్తే 58, బాగా పడిపోయింది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకి 94 వచ్చింది. ఆ పావుగంట నా ప్రాణం నా దగ్గర లేదు.

మర్నాడు అమలాపురం తీసుకెళ్లి చూపించాం. మా ఆయన వేసుకునే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటుందట. తిండి తగ్గించి మాత్ర మాత్రం అలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుందని చెప్పి డోసు తగ్గించారు. కొర్రలూ పిండిపదార్థమే, కొలత చూసుకోవాలన్నారు.

ఇప్పుడు ఆయనకి కొర్రన్నం, మాకు మామూలు అన్నం. నిన్న అత్తయ్యగారు చింతచిగురు రొయ్యలు వండితే, "రెండు ముద్దలు కలిపి పెట్టమ్మా" అని ఆయనే అడిగారు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ కలిపారు. వేపుళ్లు మాత్రం ఇంకా వద్దంటున్నారు, దానికి నేనూ సరే అన్నాను. జేబులో గ్లూకోజ్ ప్యాకెట్ లేకుండా తోటకి వెళ్లనివ్వట్లేదు.