యూకేజీలో ఫోనిక్స్ ఆటలు: చదువా, కాలక్షేపమా?

గాజువాక నాన్న:
మా పాప యూకేజీ. ఇంగ్లీషు పీరియడంతా ఫోనిక్స్ ఆటలేనట, అంటే అక్షరాల శబ్దాలు పలికి, కలిపి మాట చదివించే ఆటలు. నోట్‌బుక్ తెరిస్తే ఖాళీ. అక్షరాలు దిద్దించకుండా గంతులు వేయిస్తే చదవడం వస్తుందా? నాకైతే టెన్షన్‌గా ఉంది.

మధురవాడ మాస్టారు:
మీ భయం న్యాయమే బాబూ. దిద్దనిదే చేతిరాత కుదరదు. పైగా ఇంగ్లీషులో 'వన్', 'సెడ్' లాంటి మాటలు ఏ శబ్దాలు కలిపితే వస్తాయి?

ఎంవీపీ కాలనీ టీచర్:
మాస్టారూ, ఆ రెండు మాటలూ చూసి గుర్తుపెట్టుకోవలసినవే, కాదనను. దిద్దడమూ కావాలి. కానీ ఇంగ్లీషుకు అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. ఏబీసీడీలు ఎంత దిద్దినా ఆ శబ్దాలు నోటికి రావు.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. తెలుగులో 'క' అంటే అందులోనే 'అ' ఉంది. ఆ అలవాటుతో సీ, ఏ, టీలను 'క, యా, ట' అని విడదీసి పలుకుతారు. కలిపితే 'కయాట' వస్తుంది, 'క్యాట్' రాదు. 'క్', 'ట్' అని పొల్లుగా పలకడం అలవాటవ్వాలంటే వందసార్లు అనాలి. ఐదేళ్ల పిల్లలు విసుగు లేకుండా వందసార్లు అనేది ఆటలోనే! నేను తొక్కుడుబిళ్ళ గడుల్లో ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ రాస్తాను. గెంతిన గడి శబ్దం పలకాలి, చివర మాట కలిపి చెప్పాలి: స్యాట్, పిన్, ట్యాప్. ఈ ఆరింటితోనే బోలెడు మాటలు వస్తాయి, అందుకే చాలాచోట్ల వీటితోనే మొదలుపెడతారు.

అయితే శబ్దం ముందు నేర్పాలి, ఆట తర్వాత. నలుగురు గెంతుతుంటే మిగతా అందరూ చప్పట్లు కొట్టే ఆట మాత్రం కాలక్షేపమే. అలాంటి ఆటను నేను ఒప్పుకోను.

గాజువాక నాన్న:
మా పాపకు వస్తోందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుందండీ?

ఎంవీపీ కాలనీ టీచర్:
అర్థం లేని మాట రాసి చూపించండి. ఎన్, ఐ, ఎస్ రాస్తే 'నిస్' అని చదవాలి. ఎక్కడా చూడని మాట కాబట్టి బట్టీతో కుదరదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో ఇయర్ పిల్లలకు పెట్టే ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే, 20 ఇలాంటివే. పాప తడబడితే మీటింగ్‌లో మేడమ్‌ను అడగండి, ఆటలో తన వంతు రోజూ వస్తోందా అని.