పెంట్‌హౌస్: కూతుర్ని చంపిన మనిషిని సూ-ర్యోన్ క్షమించడం సబబేనా?

సిరిమల్లె: ఎస్‌బీఎస్ చానెల్లో 2020 అక్టోబరులో మొదలైన ఈ కొరియన్ సీరియల్ మూడు సీజన్లూ చూసేశాను. సూ-ర్యోన్‌కు పుట్టిన బిడ్డను ఆమె భర్త జూ డాన్-టే మార్చేస్తాడు. కన్నకూతురు మిన్ సోల్-ఆ అనాథగా పెరుగుతుంది. ఆ పిల్ల హేరా ప్యాలెస్ అనే ఖరీదైన అపార్ట్‌మెంట్ల టవర్ పైనుంచి పడిపోతుంటే, ఎవరో తెలియకుండానే గ్లాస్ లిఫ్ట్‌లోంచి సూ-ర్యోన్ చూస్తుంది. తోసింది యూన్-హీ అనే ఇంకో తల్లి. అలాంటిదానితో సూ-ర్యోన్ మళ్లీ చేతులు కలపడం నాకు మింగుడుపడలేదు.

గోదారి_అబ్బాయి: యూన్-హీ తాగిన మైకంలో ఉందండీ. చేసింది తనకే గుర్తులేదు. డాన్-టే అన్నీ లెక్కేసుకుని చేశాడు. ఇద్దరూ ఒకటేనా?

సిరిమల్లె: మైకమా! సోల్-ఆ పోతే ఆర్ట్స్ స్కూల్లో సీటు ఎవరికొచ్చింది? యూన్-హీ కూతురు రో-నాకే కదా?

నిశాచరి: సీజన్ 3 చూడనివాళ్లం ఉన్నాం. ముగింపు చెప్పకండి ప్లీజ్.

గోదారి_అబ్బాయి: మైకం మైకమే. గుర్తొచ్చాక కుమిలిపోయింది, చివరికి లొంగిపోయింది కూడా.

పాలపిట్ట: శవాన్ని ఆ పిల్ల ఉండే చోటికి మోసుకెళ్లి ఆత్మహత్యలా చూపించిన హేరా పెద్దలను వదిలేసి, మీరిద్దరూ యూన్-హీని పట్టుకుని వేలాడుతున్నారేంటి?

గోదారి_అబ్బాయి: సిరిమల్లె గారికి పగ తప్ప ఇంకేం కనపడదు. ఎవరో ఒకరు ఓర్చుకుంటేనే కుటుంబాలు నిలబడతాయి.

సిరిమల్లె: ఆ మాట మా అమ్మతో కూడా అన్నారు. మా మేనమామ అమ్మమ్మ చేత వేలిముద్ర వేయించుకుని పొలమంతా తన పేరున రాయించుకున్నాడు. అమ్మ కేసు వేస్తానంటే, "తోడబుట్టినవాడమ్మా, పోనీలే" అన్నారు పెద్దమనుషులు. నా పెళ్లిలో ఆయనకు మా అమ్మ చేతే బట్టలు పెట్టించారు. పళ్లెం పట్టుకున్న ఆ చేతులు వణకడం నేను చూశాను. వాళ్లలో ఒక్కరిదైనా సెంటు భూమి పోయిందా? ఓర్చుకోమని నాకు చెప్పకండి.

గోదారి_అబ్బాయి: అక్కా, మా ఇంట్లో కేసే వేశారు. నాన్న, పెదనాన్న వాయిదాల చుట్టూ తిరిగీ తిరిగీ ముసలివాళ్లయ్యారు. పెదనాన్న పోతే చివరిచూపుకు కూడా మమ్మల్ని వెళ్లనివ్వలేదు. ఆయన కొడుకులు రోడ్డు మీద ఎదురైనా నేను గుర్తుపట్టలేను. నా బాధ యూన్-హీ గురించి కాదు. సూ-ర్యోన్ కవలలుగా పెంచిన సోక్-హూన్, సోక్-క్యోంగ్ ఈ పగల మధ్య ఎలా నలిగారో చూడండి.

సిరిమల్లె: ఆ ముక్క మొదట్లోనే చెప్పాల్సింది, మైకం గొడవ దేనికి? అయినా ఆ పిల్లల్ని రహస్య గదిలో పెట్టి కొట్టింది తండ్రి. తల్లి పగ కాదు.

గోదారి_అబ్బాయి: కొట్టింది తండ్రే, కాదనను. మరి సోక్-క్యోంగ్ తల్లిని కాదని అదే తండ్రి పక్కన ఎందుకు నిలబడింది? తల్లి ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో ఆ పిల్లకు ఎవరు చెప్పారు?