335ఐ కొనొచ్చా? జర్మన్ టర్బో కార్లూ, ఫ్యూయల్ పంప్ టెన్షనూ

డల్లాస్ బండోడు:
అందరికీ నమస్తే. ఇక్కడ 2008 బీఎమ్‌డబ్ల్యూ 335ఐ కూపే ఒకటి అమ్మకానికి ఉంది. మాన్యువల్ గేరు, మొదటి నుంచీ ఒకే ఓనరు, ధర నా బడ్జెట్‌లోనే ఉంది. కానీ నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఫ్యూయల్ పంప్ గొడవే. నిజంగా అంత భయపడాలా? జర్మన్ టర్బో కార్లు వాడినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి. ఇంట్లో మాత్రం క్యామ్రీ కొనమంటున్నారు.

పాత పిస్టన్:
తమ్ముడూ, ఆ భయానికి కారణం ఉంది. ఈ 335ఐలో ఉండే ఎన్54 ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే స్ప్రే అవుతుంది. ట్యాంకులో ఉన్న పంపు సుమారు 5 బార్ (ప్రెషర్ కొలత) తో పెట్రోలు పంపితే, ఇంజన్ మీదున్న హై ప్రెషర్ పంపు దాన్ని 200 బార్ దాకా తీసుకెళ్లాలి. అప్పట్లో తెగ పోయింది ఈ రెండోదే. పొద్దున సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగి గానీ స్టార్ట్ కాదు. ఫ్రీవే ఎక్కి కాలు గట్టిగా నొక్కగానే డ్యాష్‌బోర్డు మీద సగం ఇంజన్ బొమ్మ వెలుగుతుంది, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజన్‌ని కాపాడుకోడానికి పవర్ తగ్గించేసుకునే స్థితి) పోతుంది. పక్కన ట్రక్కులు దూసుకుపోతుంటే పికప్ పడిపోవడం చిన్న విషయం కాదు.

అమెరికాలో కంపెనీ ఆ పంపు వారంటీని 10 ఏళ్లు లేదా 1,20,000 మైళ్లకు పెంచింది. 2010 అక్టోబరులో సుమారు 1,30,000 కార్లను రీకాల్ చేసింది. 335ఐతో పాటు 135ఐ, 535ఐ, ఎక్స్6, జెడ్4 కూడా అందులో ఉన్నాయి. నువ్వు చూస్తున్న బండికి ఆ పదేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. కాబట్టి వీఐఎన్ (బండి ఛాసిస్ నంబరు) ఇచ్చి డీలర్ దగ్గర రికార్డు తీయించు. రీకాల్ పని జరిగిందా, పంపు ఎప్పుడు మార్చారు అనేది కాగితం మీద కనబడాలి. అమ్మేవాడి నోటిమాట నమ్మకు.

రెడ్‌లైన్ రాణి:
నాది వేరే జర్మన్ కంపెనీ బండి, పేరెందుకులెండి. ఇవే లక్షణాలు కనబడితే షెడ్డు వాళ్లు చూడగానే హై ప్రెషర్ పంపు అన్నారు, మార్చారు. బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. కొన్నాళ్లకే మళ్లీ అదే కథ. వేరే మెకానిక్ ముందు లో ప్రెషర్ వైపు గేజ్ పెట్టి చూశాడు. కాలు నొక్కినప్పుడల్లా అక్కడే ప్రెషర్ పడిపోతోంది. అసలు దోషి ట్యాంకులోని పంపు! కింది నుంచి పెట్రోలు అందకపోతే పైనున్న పంపు మాత్రం ఏం చేస్తుంది పాపం.

అందుకే ఎవరికైనా నేను చెప్పేది: రెండు ప్రెషర్లూ లాగ్ చేసి చూపించకుండా పంపు మారుస్తామంటే ఒప్పుకోవద్దు.

పాత పిస్టన్:
రాణి గారు సరిగ్గా చెప్పారు. ఇంకోటి కూడా కలపండి. సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతున్నా స్టార్టింగ్ లేటవుతుంది. రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ కాగానే సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన, పొగ, కొద్దిసేపు మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగ్గా మండక ఇంజన్ కొట్టుకోవడం) ఉంటే ముందు ఇంజెక్టర్లనే అనుమానించాలి. ఎన్54లో పీజో ఇంజెక్టర్లు, ఒక్కోటీ ఖరీదే.

స్టుట్‌గార్ట్ సుబ్బు:
అందరూ బీఎమ్‌డబ్ల్యూ మీదే పడ్డారు. ఫోక్స్‌వాగన్, ఆడీల పాత 2.0 లీటర్ టీఎఫ్ఎస్ఐ ఇంజన్ మరిచిపోయారా? అయిదో తరం గోల్ఫ్ జీటీఐలో ఉండేది అదే. అందులో క్యామ్‌షాఫ్ట్‌కీ (వాల్వులు తెరిచే కడ్డీ) హై ప్రెషర్ పంపుకీ మధ్య చిన్న స్టీలు గిన్నె లాంటి ఫాలోవర్ ఉంటుంది. క్యామ్ దాని మీద రాసుకుంటూ తిరుగుతుంది. నల్ల పూత పోయాక లోహం అరగడం మొదలై, చివరికి గిన్నెకే చిల్లు పడుతుంది. అప్పుడు పంపు పిస్టన్‌తో పాటు క్యామ్‌షాఫ్ట్ కూడా పాడవుతుంది. ఫాలోవర్ ధర చాలా తక్కువ, క్యామ్‌షాఫ్ట్ ధర అడక్కండి. పంపు విప్పితే చాలు, అది చేతికొస్తుంది. మధ్యమధ్యలో తీసి చూసుకునేవాళ్ల బండ్లు హాయిగా తిరుగుతున్నాయి. తర్వాత వచ్చిన ఈఏ888 ఇంజన్‌లో రోలర్ పెట్టి ఈ గొడవ లేకుండా చేశారు.

కొంపల్లి టర్బో:
అన్నా, మా హైదరాబాద్‌లో ఇప్పుడు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే. పాత జర్మన్ బండ్ల పంపుల మీద ఎఫెక్ట్ ఉంటుందా? ఓఆర్ఆర్ మీద నా బండి బాగానే లాగుతోంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం రోజుకో భయం.

పాత పిస్టన్:
వాట్సాప్ పక్కన పెట్టు. ముందు ఫ్యూయల్ మూత లోపలి స్టిక్కర్ చూడు. ఈ10 దాకానే అని ఉంటే రబ్బరు పైపులు, సీళ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి అదే పవర్‌కి పంపు కాస్త ఎక్కువ పెట్రోలు తోడాలి. స్టాక్ బండికి అది పెద్ద బరువు కాదు. ట్యూనింగ్ చేయించి బూస్ట్ పెంచుకున్నవాళ్లకే అసలు ఇబ్బంది. ఇథనాల్ నీటిని కూడా లాక్కుంటుంది, కాబట్టి బండిని నెలల తరబడి కదలకుండా ఉంచకు. రిజర్వులో తిప్పే అలవాటు ఉంటే మానుకో. ట్యాంకులోని పంపు చల్లబడేది ఆ పెట్రోలు వల్లే.

డల్లాస్ బండోడు:
అందరికీ థ్యాంక్స్. అమ్మే ఆయనతో మాట్లాడాను. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలన్నాను, శనివారం నేను వెళ్లేదాకా బండి స్టార్ట్ చేయనన్నారు. పంపు మార్చిన బిల్లు ఉందట, అదీ చూస్తాను. నా దగ్గర మామూలు ఓబీడీ రీడర్ (బండిలోని ఎర్రర్ కోడ్లు చదివే పరికరం) ఉంది, సరిపోతుందా?

రెడ్‌లైన్ రాణి:
సరిపోదు. బీఎమ్‌డబ్ల్యూ సొంత కోడ్లు చదివే స్కానర్ గానీ యాప్ గానీ కావాలి. 29ఎఫ్2, 2ఎఫ్‌బీఎఫ్ కనబడితే ప్రెషర్ సమస్య ఉన్నట్టే. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకి టెస్ట్ వద్దనండి. ఇంకో రోజు వెళ్లొచ్చు.