గోల్డ్ ఫిష్ వెన్నుపై తెల్లని బూజు: మందు ట్యాంకులోనే వేయవచ్చా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని 80 లీటర్ల ఆక్వేరియంలో మూడు ఒరాండా గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి. వాటిలో పెద్దదాని వెన్నుపై, రెక్క మొదలయ్యే చోట పొలుసు ఊడిన మచ్చ ఒకటి కనిపించింది. చూస్తుండగానే ఆ మచ్చపై దూదిపింజ వంటిది మొలిచింది. మేత తింటూనే ఉంది గాని మునుపటి చురుకుదనం లేదు. మిగిలిన రెండూ బాగానే ఉన్నాయి. చేపలు కొన్న దుకాణంలో అడిగితే మిథిలీన్ బ్లూ సీసా చేతిలో పెట్టి, నీళ్లు నీలంగా మారేదాకా ట్యాంకులో పోయమన్నారు. కొలత చెప్పకుండా పోయమనడం నాకు మింగుడుపడలేదు. మందు ట్యాంకులోనే వేయాలా, చేపను వేరు చేయాలా, ఉప్పుతో తగ్గుతుందా అన్నది అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం

మందు సంగతి తరువాత చూడవచ్చు. ముందు అది బూజేనా అన్నది తేల్చుకోవాలండీ. కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి కూడా తెల్లగానే కనిపించి చాలామందిని పొరబాటు పడేస్తుంది. బూజైతే సన్నని పోగులు నీటిలో నిక్కబొడుచుకొని, నీటి కదలికకు ఊగుతూ ఉంటాయి. చేపను ఒక్క క్షణం నీటి పైకి ఎత్తితే ఆ పోగులన్నీ జిగటగా చర్మానికి అతుక్కుపోతాయి. పాతబడిన కొద్దీ నీటిలోని నలుసులు పట్టి బూడిద రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. కాలమ్నారిస్ సాధారణంగా అలా నిలువుగా పెరగదు. నోటి అంచున గాని, వెన్నుకు అడ్డంగా గాని తెలుపో పసుపో కలిసిన పలచని పొరగా పరుచుకొని, రెక్కల అంచులను కొరుక్కుంటూ పోతుంది. ముదిరితే రెండు మూడు రోజుల్లోనే చేప చనిపోవచ్చు. నీరు వెచ్చబడిన కొద్దీ అది విజృంభిస్తుంది కాబట్టి, తెల్లచుక్కల జబ్బుకు చేసినట్టు హీటరు వేడి పెంచితే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

మరొక్క మాట. మగ గోల్డ్ ఫిష్‌కు జతకట్టే కాలంలో మొప్పల మూతలపై తెల్లని చిన్న మొటిమలు వస్తాయి. అవి జబ్బు కావు, వాటికి మందు వేయకండి.

రెండవ సమాధానం

పొలుసు ఊడిన చోటే మొలిచిందంటే, పైగా ఒక్క చేపకే ఉందంటే, అది బూజయ్యే అవకాశమే ఎక్కువ. ప్రధాన ట్యాంకులో మాత్రం మందు పోయవద్దని నా గట్టి సలహా. మిథిలీన్ బ్లూ ఫిల్టరులో స్థిరపడిన మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. ఆ బ్యాక్టీరియా పోతే అమ్మోనియా, నైట్రైట్ పేరుకొని, ఆరోగ్యంగా ఉన్న రెండు చేపలకూ ముప్పు వస్తుంది. మొక్కలు వాడిపోతాయి, అద్దాల మధ్య సిలికాన్ నీలంగా మారి మళ్లీ తెల్లబడదు.

ఒక 20 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో ట్యాంకు నీళ్లే నింపి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి, చేపను అందులోకి మార్చండి. లీటరుకు 3 గ్రాముల లెక్కన 60 గ్రాముల కల్లుప్పును ముందుగా చెంబు నీళ్లలో కరిగించి, ఒకేసారి కాకుండా మూడు విడతలుగా ఒక రోజు వ్యవధిలో కలపండి. గోల్డ్ ఫిష్ దీనిని తేలికగా తట్టుకుంటుంది. కోరిడోరస్, లోచ్ వంటి చేపలకు ఇంత ఉప్పు పనికిరాదు. టబ్బులో ఫిల్టరు ఉండదు కనుక రోజూ మూడో వంతు నీరు మార్చాలి, తీసిన నీటికి సరిపడా ఉప్పు మాత్రమే తిరిగి వేయాలి. ఆవిరైన నీటితో ఉప్పు పోదన్న సంగతి మరిచి చాలామంది మోతాదు పెంచేస్తుంటారు.

రెండు మూడు రోజులైనా పోగులు తగ్గకపోతే అప్పుడు మిథిలీన్ బ్లూ. మీ సీసాపై 1 శాతం ద్రావణమని ఉంటే ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. 20 లీటర్లకు 4 మిల్లీలీటర్లు పోస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది, అది చాలు. శాతం రాయని సీసాను నేనైతే వాడను.

ప్రశ్న అడిగిన వారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పోగులు ఊగుతున్నాయి, వలతో ఎత్తితే అతుక్కుపోయాయి. చేపను టబ్బులోకి మార్చి ఉప్పు మొదలుపెట్టాను. అయితే ఇది మిగిలిన వాటికి అంటుతుందా? మా ఇంట్లో ఉన్న మనుషుల యాంటీబయోటిక్ గుళికలు ముందుజాగ్రత్తగా ట్యాంకులో వేయవచ్చా?

మూడవ సమాధానం

గుళికలు వేయకండి. యాంటీబయోటిక్ బూజును చంపదు సరికదా, మందుకు లొంగని బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచి పోషించినట్టవుతుంది. కాలమ్నారిస్ అని తేలితే యాంటీబయోటిక్ అవసరమవుతుంది గాని, దానిని పశువైద్యుల సలహాతో, విడి టబ్బులోనే వాడాలి.

ఇక అంటుకోవడం గురించి. ఈ బూజుకు ఎక్కువగా కారణమయ్యే సాప్రోలెగ్నియా అసలైన శిలీంధ్రాల కన్నా గోధుమ రంగు నాచుకు దగ్గరి బంధువు. దాని బీజాలు నీటిలో ఈదుతూ తిరుగుతాయి, ఇంచుమించు ప్రతి ట్యాంకులోనూ ఉంటాయి. జిగురుపొర చెక్కుచెదరని చేపను అవి సాధారణంగా ఏమీ చేయలేవు. మిగిలిపోయిన మేత మీద, చనిపోయిన గుడ్ల మీద బతుకుతూ, గాయం దొరికినప్పుడు పట్టుకుంటాయి. అందుచేత ఆ పొలుసు ఎందుకు ఊడిందన్నదే మీరు వెతకవలసిన విషయం. అలంకారానికి పెట్టిన రాళ్లపై, ప్లాస్టిక్ మొక్కలపై పాత మేజోడు ఒకటి తిప్పి చూడండి; దారం పట్టుకున్న చోట చేపకూ గీసుకుంటుంది. అమ్మోనియా, నైట్రైట్ కొలిచి చూడండి, రెండూ సున్నా ఉండాలి. మూడు ఒరాండాలకు 80 లీటర్లు ఇరుకే. కుళాయి నీళ్లు పోసేటట్లయితే క్లోరిన్ తీసే మందు కలపనిదే పోయకండి, క్లోరిన్ మొప్పలతో పాటు జిగురుపొరనూ పాడుచేస్తుంది.

పోగులు రాలిన తరువాత కూడా గాయం పూడి, దానిపై కొత్త చర్మం ఏర్పడేదాకా చేపను టబ్బులోనే ఉంచి, ఉప్పు లేని నీటితో రోజూ కొంత కొంత మారుస్తూ రండి. టబ్బుకు వాడిన వలను ఎండలో బాగా ఆరనిచ్చాకే ట్యాంకులో ముంచండి.